సొంత సంస్థ పెట్టని డిజైనర్: షనెల్‌కు ముందు కార్ల్ లాగర్‌ఫెల్డ్

సంక్షిప్తంగా: హాంబుర్గ్‌లో పుట్టిన జర్మన్ డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ 1983లో ప్యారిస్ ఫ్యాషన్ సంస్థ షనెల్ తరఫున మొదటి ప్రదర్శన ఇచ్చేనాటికి ఆయన వయసు నలభై తొమ్మిది. అంతకుముందు దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆయన బాల్మాన్, పాతూ, క్లోయే, ఫెండి వంటి సంస్థలకు వాటి పేర్ల మీదే దుస్తులు గీశారు. ఫ్యాషన్ చరిత్రలో ఆయన స్థానాన్ని నిర్ణయించింది ఆ తొలి దశే. ఖరీదైన దుస్తుల వ్యాపారం దర్జీ గది నుంచి రెడీమేడ్ దుకాణానికి మారుతున్న సమయంలో, పెట్టుబడి లేకుండా గీత ఒక్కటే ఆస్తిగా బతికే వృత్తిని ఆయన రూపొందించుకున్నారు.

ప్యారిస్ ఫ్యాషన్ వార్తలను దూరం నుంచి గమనించేవారిని ఈమధ్య ఒక విషయం తికమక పెడుతోంది. లాగర్‌ఫెల్డ్ తర్వాత షనెల్ బాధ్యత తీసుకున్న విర్జినీ వియార్ 2024 జూన్‌లో తప్పుకున్నారు. ఆ స్థానంలోకి ఇటలీ సంస్థ బొట్టేగా వెనెటా నుంచి మాత్యూ బ్లాజీ వచ్చి 2025 అక్టోబరులో తొలి ప్రదర్శన ఇచ్చారు. ఇతర పెద్ద సంస్థల్లోనూ ఇలాంటి మార్పులే జరుగుతున్నాయి. దుకాణం మీద ఒకరి పేరు, బట్ట వెనక మరొకరి చేయి, ఆ చేయి కూడా కొన్నేళ్లకే మారిపోవడం ఇప్పుడు మామూలైంది. 1950లలో మాత్రం ఇది అరుదు. సంస్థ పేరు, దాన్ని నడిపే మనిషి పేరు ఒకటే కావడం అప్పటి ఆనవాయితీ. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి లాగర్‌ఫెల్డ్ తొలి జీవితానికి మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

పుట్టిన ఏడాదికి మూడు లెక్కలు

లాగర్‌ఫెల్డ్ 1933 సెప్టెంబరు 10న హాంబుర్గ్‌లో పుట్టారు. ఆయన మాత్రం చాలాకాలం 1938 అని చెప్పుకున్నారు, తర్వాత 1935 అన్నారు. జర్మన్ పత్రికలు చర్చి రికార్డులను, పాత పరిచయస్తులను వెదికి 1933ను బయటపెట్టాక కూడా ఆయన ఆ సంవత్సరాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. అందుకే పాత వ్యాసాల్లో ఆయన వయసు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా కనిపిస్తుంది. విచిత్రమేమిటంటే 1958లో ఆయన పాతూ సంస్థలో తొలి ప్రదర్శన ఇచ్చినప్పుడు అమెరికన్ వార్తా సంస్థ ఆయన వయసు ఇరవై ఐదని రాసింది, అంటే దాదాపు సరిగ్గానే రాసింది. వయసు తగ్గడం పేరు పెరిగిన తర్వాతే మొదలైందన్నమాట.

దీన్ని కేవలం అందగాడి చాదస్తంగా కొట్టిపారేయడానికి వీల్లేదు. 1933 హిట్లర్ అధికారంలోకి వచ్చిన సంవత్సరం. యుద్ధానంతర ప్యారిస్‌లో బతకాలనుకున్న జర్మన్ యువకుడికి ఆ ఏడాది నుంచి ఎంత దూరం జరిగితే అంత మేలు. తన కుటుంబ కథలో స్వీడిష్ మూలాల ప్రస్తావన తేవడం, ఇంటిపేరు చివర ఉన్న ‘టి’ అక్షరాన్ని వదిలేయడం కూడా ఇలాంటి సవరణలే. పొట్టి పేరు వ్యాపారానికి అనుకూలమని ఆయనే ఒప్పుకున్నారు.

పాల డబ్బాల ఇల్లు

తండ్రి ఒట్టో లాగర్‌ఫెల్ట్ వ్యాపారి. ఉద్యోగరీత్యా లోకం తిరిగినవాడు. 1906 భూకంపం సమయంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాడు. చిక్కబరిచిన పాలను డబ్బాల్లో నింపి అమ్మే ‘గ్లుక్స్‌క్లీ’ సంస్థను జర్మనీలో నిలబెట్టాడు. తల్లి ఎలిజబెత్ చదువు, సంగీతం అంటే మక్కువ ఉన్న మనిషి. కొడుకును పదునైన మాటలతో పెంచిన తల్లిగా ఆయన ఇంటర్వ్యూలలో ఆమె తరచూ కనిపిస్తుంది. కుటుంబం హాంబుర్గ్‌కు ఉత్తరాన బాద్ బ్రామ్‌స్టెట్ అనే చిన్న ఊరి దగ్గర పెద్ద ఇంట్లో ఉండేది. పాల వ్యాపారం పుణ్యమా అని యుద్ధకాలపు కరవు ఆ ఇంటి గడప పెద్దగా తొక్కలేదు.

అక్కడి బాల్యం గురించి ఆయన మళ్లీ మళ్లీ చెప్పిన వస్తువు ఒక బొమ్మ. జర్మన్ చిత్రకారుడు అడోల్ఫ్ మెంజెల్ 1850లో వేసిన ఆ చిత్రంలో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ తన సాన్‌సూసీ భవనంలో గుండ్రటి బల్ల చుట్టూ ఫ్రెంచి రచయిత వోల్టేర్ తదితరులతో కూర్చుని ముచ్చటిస్తుంటాడు. పొడి చల్లిన తెల్లని విగ్గులు, పట్టు కోట్లు, మేజా మీద పళ్లెంలో పళ్లు, అంతా ఫ్రెంచిలో మాట్లాడుకుంటున్నారన్న ఊహ. దాని నకలు కావాలని ఆ పిల్లవాడు పట్టుబట్టి క్రిస్మస్ కానుకగా సంపాదించుకున్నాడు. తర్వాతి రోజుల్లో ఆయన పద్దెనిమిదో శతాబ్దపు కుర్చీలు, బల్లలు పోగుచేయడం, జుట్టుకు తెల్ల పొడి చల్లుకోవడం చూసినవారికి ఈ చిత్రం గుర్తురాక మానదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. తాను చూడని లోకాన్ని పటం మీంచి కట్టుకునే అలవాటు ఆయనకు అక్కడే అబ్బింది. 2011 డిసెంబరులో షనెల్ కోసం ఆయన ‘ప్యారిస్-బాంబే’ పేరుతో భారతీయ మహారాజుల విందును తలపించే ప్రదర్శన చేశారు. అప్పటికి ఆయన భారతదేశంలో అడుగు పెట్టనే లేదు. పుస్తకాలు, ఫొటోలే ఆయన యాత్ర.

జర్మనీలో ఎందుకు ఉండలేదు

యుద్ధానికి ముందు జర్మనీకి బలమైన దుస్తుల పరిశ్రమే ఉండేది. బెర్లిన్‌లోని హౌస్‌ఫోగ్టైప్లాట్స్ కూడలి చుట్టూ వందలాది రెడీమేడ్ సంస్థలు పనిచేసేవి, వాటిలో చాలావాటి యజమానులు యూదులు. నాజీ పాలనలో ఆ సంస్థలను లాక్కున్నారు, యజమానులను తరిమేశారు, మిగిలినవారిని శిబిరాలకు పంపారు. యుద్ధం ముగిశాక నగరం నాలుగు ముక్కలైంది. వృత్తి నేర్పే పెద్దలు, కొనే వ్యాపారులు, రాసే పత్రికలు ఒకచోట ఉంటేనే ఫ్యాషన్ రాజధాని నిలుస్తుంది. జర్మనీలో ఆ అల్లిక తెగిపోయింది.

ప్యారిస్‌లో అది తెగలేదు. 1947లో క్రిస్టియాన్ డియోర్ తొలి ప్రదర్శనతో ఆ నగరం తన పాత స్థానాన్ని తిరిగి అందుకుంది. 1949 చివర్లో డియోర్ బృందం హాంబుర్గ్‌కు వచ్చి తమ దుస్తులను ప్రదర్శించినప్పుడు పదహారేళ్ల లాగర్‌ఫెల్డ్ తల్లితో కలిసి చూశారు. 1950ల ఆరంభంలో ఆయన ప్యారిస్ చేరుకున్నారు. చిన్నప్పుడే ఫ్రెంచి నేర్చుకుని ఉండటం, ఇంటి నుంచి డబ్బు అందడం ఆయనకు కలిసొచ్చాయి. జర్మన్ సైన్యం ఆ నగరాన్ని వదిలి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు.

1954 ఉన్ని పోటీ

పరిచయాలు లేని విదేశీయుడికి తలుపు తెరిచింది ఒక ప్రచార కార్యక్రమం. అంతర్జాతీయ ఉన్ని సచివాలయం అనే సంస్థను 1937లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా గొర్రెల పెంపకందారులు కలిసి స్థాపించారు. నైలాన్ వంటి కృత్రిమ దారాలు మార్కెట్‌ను ఆక్రమిస్తున్న రోజుల్లో ఉన్ని ఇంకా నాగరికమైన బట్టేనని జనాన్ని నమ్మించడం దాని పని. అందుకు యువ డిజైనర్ల పోటీ ఒక మార్గం. పోటీదారులు స్కెచ్‌లు పంపాలి. గెలిచిన స్కెచ్‌ను ప్యారిస్‌లోని పెద్ద సంస్థ ఒకటి తన వర్క్‌షాపులో కుట్టించి ఇస్తుంది. 1954 న్యాయనిర్ణేతల్లో ప్యారిస్ డిజైనర్లు పియర్ బాల్మాన్, హ్యూబర్ట్ ద జివాన్షీ ఉన్నారు.

కోటు విభాగంలో లాగర్‌ఫెల్డ్ గెలిచారు. ఆయన గీసినది పసుపు రంగు పొడవాటి ఉన్ని కోటు, దాని మెడ వెనక వైపు వి ఆకారంలో లోతుగా దిగుతుంది. గౌను విభాగంలో గెలిచిన కుర్రాడు అల్జీరియాలోని ఒరాన్ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల ఇవ్ సాన్ లోరాన్. ఆ గౌనును జివాన్షీ సంస్థ, లాగర్‌ఫెల్డ్ కోటును బాల్మాన్ సంస్థ కుట్టించాయి. ఒకే పోటీ నుంచి ఇద్దరూ బయటికొచ్చిన ఈ ఘట్టాన్ని తర్వాతి రాతగాళ్లు శత్రుత్వానికి నాందిగా చిత్రించారు. నిజానికి మొదట్లో వాళ్లు స్నేహితులు. తగువు రెండు దశాబ్దాల తర్వాతిది, అదీ చాలావరకు వ్యక్తిగత సంబంధాల వల్ల పుట్టింది. ఇక్కడ గమనించవలసింది పోటీ ఏర్పాటునే: గీత మాత్రమే పోటీదారుడిది, బట్ట, కుట్టు, పేరు అన్నీ మరొకరివి. లాగర్‌ఫెల్డ్ మిగతా జీవితం చాలావరకు ఇదే ఏర్పాటు కింద గడిచింది.

బాల్మాన్ దగ్గర శిక్షణ, పాతూలో చేదు

1955లో బాల్మాన్ ఆయనను సహాయకుడిగా తీసుకున్నారు. ఆ రోజుల్లో ‘ఓట్ కుట్యూర్’ అనే పేరును ఎవరు పడితే వారు వాడుకునే వీలు లేదు. ఫ్రెంచి ప్రభుత్వ నిబంధనల ప్రకారం ప్యారిస్‌లో సొంత వర్క్‌షాపు, నిర్ణీత సంఖ్యలో పనివారు, ఏటా రెండుసార్లు కొత్త దుస్తుల ప్రదర్శన ఉండాలి. ఒక్కో కొనుగోలుదారు ఒంటి కొలతకు చేత్తో కుట్టాలి. డిజైనర్ గీసిన బొమ్మను వర్క్‌షాపు పెద్ద చదివి ముందు పలుచని నూలు గుడ్డతో నమూనా కుడుతుంది, దాన్ని మోడల్ మీద సరిచేశాకే అసలు బట్టకు కత్తెర పెడతారు. కాబట్టి గీసేవాడి గీతలో కుట్టు ఎక్కడ పడుతుందో, బట్ట ఎటు వేలాడుతుందో స్పష్టంగా ఉండాలి. లాగర్‌ఫెల్డ్ స్కెచ్‌లు చూసి కుట్టేవారికి మళ్లీ అడగాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదని తర్వాతి కాలంలో ఆయనతో పనిచేసినవారు చెప్పేవారు. ఆ గీతకు సాన పట్టింది ఈ మూడేళ్లే.

1958లో ఆయన జాన్ పాతూ సంస్థకు కళా దర్శకుడయ్యారు. వ్యవస్థాపకుడు 1936లోనే చనిపోగా కుటుంబం ఆ సంస్థను నడుపుతోంది. అంటే ఇరవై అయిదేళ్లు నిండకముందే ఆయన చనిపోయిన మనిషి పేరు మీద పనిచేయడం మొదలుపెట్టారు. జులైలో జరిగిన తొలి ప్రదర్శనకు ఆయన తనకు ‘రోలాన్ కార్ల్’ అనే పేరు పెట్టుకున్నారు. ముందు వైపు నిటారుగా, వెనక నడుము దగ్గర లోపలికి వంగే ఆకారాన్ని ‘కె’ అక్షరంతో పోల్చి ప్రచారం చేశారు. కొన్ని పొట్టి నల్ల గౌన్ల ముందు మెడ ఎంత లోతుగా దిగిందంటే విలేకరులు సైతం ఉలిక్కిపడ్డారని నాటి వార్త.

ఆదరణ మాత్రం నిలకడగా లేదు. 1960 వసంతకాలపు లంగాలు ప్యారిస్‌లోకెల్లా పొట్టివి. అమెరికన్ విమర్శకురాలు క్యారీ డొనొవాన్ వాటిని చూసి, ఇవి తెలివిగా చేసిన, బాగా అమ్ముడుపోయే రెడీమేడ్ దుస్తుల్లా ఉన్నాయే తప్ప కుట్యూర్‌లా లేవన్న అర్థంలో రాశారు. అప్పటికి అది గట్టి తిట్టు. రాబోయే పదేళ్లలో అదే పెద్ద యోగ్యత కాబోతోందని ఆమెకు గానీ, ఆయనకు గానీ తెలిసే అవకాశం లేదు. అయిదేళ్లలో పది ప్రదర్శనలు చేసి ఆయన పాతూను వదిలేశారు.

వ్యాపారం ఎటు కదిలింది

1946లో ప్యారిస్‌లో గుర్తింపు పొందిన కుట్యూర్ సంస్థలు 106. రెండు దశాబ్దాలు తిరిగేసరికి వాటిలో చిన్న భాగమే మిగిలింది. కుట్టుకూలీ పెరిగింది, రోజుకు రెండు మూడుసార్లు దుస్తులు మార్చే సంపన్న కుటుంబాల జీవనశైలి కరిగింది, యుద్ధం తర్వాత పుట్టిన తరానికి కొలతలిచ్చి వారాల తరబడి ఎదురుచూసే ఓపిక లేదు. 1966లో సాన్ లోరాన్ ‘రీవ్ గోష్’ పేరుతో రెడీమేడ్ దుకాణం తెరిచారు. 1968లో పేరున్న కుట్యూర్ డిజైనర్ బాలెన్సియాగా తన సంస్థనే మూసేశారు.

రెడీమేడ్‌కు పెద్ద వర్క్‌షాపు అక్కర్లేదు, ఫ్యాక్టరీ ఉంటే చాలు. కానీ ప్రతి కాలానికీ కొత్త ఆలోచనలు కావాలి, అవీ త్వరగా, చాలా సంఖ్యలో కావాలి. ఆ ఆలోచనలిచ్చే మనిషి జీతగాడిగా సంస్థలోనే కూర్చోవాలన్న నియమం లేదు. ఒకే ఏడాది నలుగురు నిర్మాతలకు బాణీలు కట్టే సంగీత దర్శకుడి మాదిరిగా ఆయన నాలుగైదు సంస్థలకు ఒకేసారి గీయవచ్చు. ఈ ఖాళీలోకి లాగర్‌ఫెల్డ్ నడిచారు. 1963 తర్వాత రోమ్‌లోని టిజియానీ, ఇటలీలోనే క్రీజియా, పాదరక్షల తయారీదారు షార్ల్ జుర్దాన్, ఇలా ఆయన ఖాతాదారుల వరస పెరుగుతూ పోయింది. టిజియానీ కోసం ఆయన గీసిన దుస్తులు తొడుక్కున్నవారిలో నటి ఎలిజబెత్ టేలర్ కూడా ఉన్నారు. ఆయన పేరు మాత్రం చాలా చోట్ల బయట వినిపించేది కాదు.

క్లోయే, ఫెండి

ఈ దశలో రెండు సంబంధాలు నిలిచాయి. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పుట్టిన గాబీ అగియోన్ 1952లో ప్యారిస్‌లో క్లోయే సంస్థను స్థాపించారు. కుట్యూర్ స్థాయి బట్టతో రెడీమేడ్ దుస్తులు అమ్మడం ఆమె ఆలోచన. డిజైనర్లను బయటి నుంచి పిలిపించి గీయించడం, వారి పేర్లకు బదులు సంస్థ పేరునే ముందుంచడం ఆమె పద్ధతి. 1964లో లాగర్‌ఫెల్డ్ ఆ గుంపులో ఒకరిగా చేరారు. ఆమె ఆయన స్కెచ్‌లను ముందేసుకుని ఇది ఉంచు, అది తీసెయ్ అని ఏరేవారు. పదేళ్లలో మిగతావారు ఒక్కొక్కరే తప్పుకోగా ఆయన ఒక్కరే మిగిలారు. 1970ల క్లోయే దుస్తులు పలుచని పట్టు, లైనింగ్ లేని కోట్లు, గాలికి కదిలే గౌన్లకు పేరుపొందాయి. దుస్తుల లోపలి బరువును తీసేయడం ఆయనకు అలవాటైంది. 1975లో వచ్చిన క్లోయే పరిమళ ద్రవ్యం దుస్తులకంటే విస్తారంగా అమ్ముడుపోయింది. బ్రాండు పేరు సీసాలోకి దిగినప్పుడు అసలు ఆదాయం ఎక్కడుంటుందో ఆయన దగ్గరగా చూశారు.

ఫెండి కథ ఇంకా ఆసక్తికరం. రోమ్‌లో 1925లో మొదలైన ఆ ఫర్ (జంతువుల బొచ్చు చర్మం) దుకాణాన్ని 1960లలో అయిదుగురు అక్కచెల్లెళ్లు పావోలా, అన్నా, ఫ్రాంకా, కార్లా, ఆల్డా నడిపేవారు. అప్పటి ఫర్ కోటు అంటే డబ్బున్న ఇల్లాలు భుజాన మోసే బరువు. 1965లో వచ్చిన లాగర్‌ఫెల్డ్ మందమైన లైనింగ్‌ను తీసేయించారు, చర్మాన్ని సన్నని పట్టీలుగా కోయించి మళ్లీ కుట్టించారు, రంగులు అద్దించారు, ఖరీదైన మింక్ పక్కన చవకరకం ఉడత చర్మాన్నీ వాడారు. పవిత్రంగా చూసుకునే సరుకును మామూలు గుడ్డలా కత్తిరించడమే అక్కడి కొత్తదనం. దీనికి సరదా ఫర్ (‘ఫన్ ఫర్’) అన్న భావంతో ఆయన గీసిన రెండు ‘ఎఫ్’ల గుర్తు, ఒకటి నిలబడి మరొకటి తలకిందులై ఉన్నది, ఇప్పటికీ ఆ సంస్థ సంచులపై కనిపిస్తుంది. ఫర్ వాడకంపై జంతు హక్కుల సంఘాల నిరసన తర్వాత తీవ్రమైనా ఆయన వెనక్కి తగ్గలేదు. ఆ విషయంలో ఆయన సమర్థన వినేవారిని పెద్దగా ఒప్పించలేదనే చెప్పాలి. ఫెండితో ఆయన బంధం 2019 ఫిబ్రవరి 19న మరణించేదాకా, 54 ఏళ్లు సాగింది.

షనెల్ ఎందుకు పిలిచింది

సంస్థ వ్యవస్థాపకురాలు గాబ్రియెల్ షనెల్ 1971 జనవరిలో మరణించాక సంస్థ దుస్తుల విభాగం పాత నమూనాలనే తిప్పితిప్పి కుడుతూ ఉండేది. ఆదాయం నంబర్ ఫైవ్ అనే పరిమళ ద్రవ్యం సీసా తెచ్చేది. 1974లో పగ్గాలు చేపట్టిన యజమాని ఆలాన్ వెర్తైమర్‌కు కావలసింది సొంత శైలిని తెచ్చి రుద్దే సృష్టికర్త కాదు, చనిపోయిన మనిషి భాషను పట్టుకుని ఈ కాలపు మాటలు పలికించగల మనిషి. ఆ పనిలో అప్పటికే పాతికేళ్ల అనుభవం ఉన్నది లాగర్‌ఫెల్డ్‌కు. 1982లో ఒప్పందం కుదిరింది. 1983 జనవరిలో మొదటి కుట్యూర్ ప్రదర్శన జరిగింది. క్లోయే ఒప్పందం అడ్డుగా ఉండటంతో రెడీమేడ్ విభాగం బాధ్యత మొదట్లో ఆయన పేరు మీదకు రాలేదు, తర్వాతే వచ్చింది. ఒక జర్మన్‌ను, అందులోనూ రెడీమేడ్ మనిషిని తెచ్చారని ప్యారిస్‌లో గొణుగుళ్లు వినిపించాయి. ట్వీడ్ జాకెట్, ముత్యాల దండలు, గొలుసు సంచి, తెలుపు నలుపుల బూటు వంటి పాత గుర్తులను పెంచి, కుదించి, ఎగతాళి కూడా చేసి ఆయన నడిపిన తీరును 1990ల నుంచి ఇతర పాత సంస్థలు అనుకరించాయి. గూచీకి టామ్ ఫోర్డ్, డియోర్‌కు జాన్ గలియానో వచ్చింది ఆ దారి వెంటే.

సొంత పేరు ఖరీదు

సాన్ లోరాన్ ఎంచుకున్నది దీనికి పూర్తిగా భిన్నమైన దారి. 1957లో డియోర్ హఠాత్తుగా చనిపోవడంతో ఇరవై ఒక్క ఏళ్లకే ఆయన ఆ సంస్థ పెద్ద అయ్యారు. 1961లో అట్లాంటాకు చెందిన పెట్టుబడిదారు జె. మ్యాక్ రాబిన్‌సన్ డబ్బుతో, పియర్ బెర్జే నిర్వహణలో సొంత సంస్థ పెట్టారు. కీర్తి, అప్పు, నెలనెలా జీతాల బాధ్యత అన్నీ ఆ పేరు మీదే పడ్డాయి. లాగర్‌ఫెల్డ్‌కు ఆ భారం లేదు, ఒక ప్రదర్శన విఫలమైతే మరో ఊళ్లో మరో సంస్థ ఉండేది. దానికి చెల్లించిన మూల్యం, చూడగానే ఇది లాగర్‌ఫెల్డ్‌ది అనిపించే ఆకారం ఒక్కటీ మిగలకపోవడం. సాన్ లోరాన్ పేరు చెబితే ఆడవాళ్ల టక్సీడో సూటు గుర్తొస్తుంది. లాగర్‌ఫెల్డ్ అనగానే గుర్తొచ్చేది ఆయన ముఖమే.

హాంబుర్గ్‌కే చెందిన డిజైనర్ జిల్ సాండర్‌ది మూడో దారి. 1943లో పుట్టి, క్రేఫెల్డ్‌లో టెక్స్‌టైల్ చదివి, ఆమె 1960ల చివర్లో ఆ నగరంలోనే దుకాణం తెరిచారు. జర్మనీలోనే ఉండి, సొంత పేరు మీద, అలంకారం లేని ఖరీదైన దుస్తులతో ఎదిగి 1989లో కంపెనీని ఫ్రాంక్‌ఫర్ట్ స్టాక్ మార్కెట్‌కు తీసుకెళ్లారు. 1999లో ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా మెజారిటీ వాటా కొన్నది, కొద్ది నెలల్లోనే యాజమాన్యంతో విభేదించి ఆమె బయటికొచ్చారు. ఆమె లేకుండానే ఆమె పేరుతో దుస్తులు అమ్ముడవుతూ వచ్చాయి.

లాగర్‌ఫెల్డ్ కూడా చివరికి 1984లో సొంత పేరుతో బ్రాండు మొదలుపెట్టారు. అది షనెల్, ఫెండిల స్థాయికి ఏనాడూ చేరలేదు. 1992లో దాన్ని డన్‌హిల్ సంస్థకు అమ్మారు, 1997లో నామమాత్రపు ధరకు తిరిగి కొన్నారు, 2005లో టామీ హిల్‌ఫిగర్ సంస్థకు మళ్లీ అమ్మారు. ఆయన మరణం తర్వాత 2022లో ఆ బ్రాండు పూర్తిగా అమెరికాకు చెందిన జి-త్రీ అపారెల్ చేతికి వెళ్లింది. దాని దుకాణాల్లో సంచుల మీద ఆయన పోనీటెయిల్, కళ్లద్దాల బొమ్మ ముద్రించి ఉంటుంది. దుస్తులు గీసేది అక్కడ ఉద్యోగం చేస్తున్న ఇతర డిజైనర్లు.